గుండె దడా, గూడ్సు బండీ

బాలలూ, భయమంటే ఏమిటో తెలియనివారు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరు. చీకటి అంటే భయం, తేలు అంటే భయం, లెక్కల మాస్టారంటే భయం. ఇవి చిన్నప్పటి భయాలు. పన్నెండు, పదమూడు ఏళ్ళు వచ్చేసరికి మరొక రకం భయం బయలుదేరుతుంది. తేలుకు ఉన్నట్టు దీనికి రూపం ఉండదు. పరీక్షకు ఇంకా నెల రోజులున్నా గుండె దడదడలాడుతుంది. నలుగురిలో లేచి నిలబడి మాట్లాడాలంటే నోరు ఎండిపోతుంది. రాత్రి పడుకున్నాక రేపు జరగబోయేవీ, ఎన్నటికీ జరగనివీ కూడా కళ్ళ ముందు తిరుగుతాయి. దీనినే పుస్తకాలలో ఆందోళన అని రాస్తారు. మా ఊళ్ళో గాబరా అంటారు.

ఈ గాబరాను గురించీ, దానిని నెమ్మదిపరిచే ఒక తేలికైన సాధనను గురించీ నాకు తెలిసినది మీకు చెబుతాను. ఇందులో కొంత శాస్త్రం ఉన్నది, కొంత మా ఇంటి సంగతి ఉన్నది. రెండూ కలిస్తేనే బాగా అర్థమవుతుంది.

మా ఊరు కేసముద్రం. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గంలో వరంగల్లు, నెక్కొండ, ఇంటికన్నె దాటిన తరువాత వస్తుంది. పూర్వం మాది వరంగల్లు జిల్లా. 2016లో జిల్లాలను విడదీసినప్పుడు మహబూబాబాదు జిల్లాలోకి వచ్చాము. మా ఊళ్ళో పెద్ద వ్యవసాయ మార్కెట్టు ఉన్నది. పత్తి, మొక్కజొన్న, పసుపు, ఎర్ర మిరపకాయలు అక్కడికి వస్తాయి. మాఘ ఫాల్గుణ మాసాలలో మార్కెట్టు పక్కగా నడిస్తే చాలు, ఘాటుకు తుమ్ములు వచ్చి కళ్ళు చెమరుస్తాయి. సరిగా ఆ రోజులలోనే పిల్లలకు పరీక్షలు. అందుచేత ఆ రెండు నెలలూ మా ఊళ్ళో రెండు రకాల గాబరా ఉంటుంది. మిర్చికి ధర పలుకుతుందో లేదోనని పెద్దవాళ్ళకు గాబరా. మార్కులు వస్తాయో రావోనని పిల్లలకు గాబరా. ఒకే ఇంట్లో రెండూ ఉంటే ఒకరి గాబరా ఒకరికి అంటుకుంటుంది కూడా.

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నదానిని. మా కూతురి బిడ్డ నా దగ్గరే ఉండి చదువుకున్నది. చురుకైన పిల్ల. తొమ్మిదవ తరగతి దాకా పరీక్షలంటే ఆటలాగానే ఉండేది. పదవ తరగతికి వచ్చేసరికి ఏమయిందో, సంక్రాంతి సెలవులు పూర్తి అయిన దగ్గరనుంచి అన్నం సరిగా తినటం మానేసింది. తెల్లవారుజామున మూడు గంటలకే లేచి, దీపం వేసుకుని కూర్చునేది. పుస్తకం తెరిచి ఉండేది గాని పేజీ తిరిగేది కాదు. అరచేతులు చెమట పట్టి, కాగితం తడిసేది.

ఒకనాడు బడినుంచి రాగానే సంచీ అవతల పడేసి, నా పక్కన కూలబడింది.

"ఏమైంది బిడ్డా?" అన్నాను.

"అమ్మమ్మా, ప్రశ్నపత్రం చూడంగనే చదివిందంతా మరిచిపోతున్న. గుండె దడదడ కొట్టుకుంటాంది. ఊపిరి ఆడుతలేదు. నేను పరీక్షకు పోను," అన్నది. అని ఏడవలేదు. ఏడిస్తే నాకు అంత దిగులు ఉండేది కాదు. గోడకేసి చూస్తూ నిశ్చయంగా అన్నది.

"భయపడకు" అని చెప్పటం చాలా తేలిక. కాని ఆ మాటతో ఎవరి భయమైనా పోయిందా? తుమ్ము వస్తున్నవాడితో తుమ్మకు అన్నట్టే ఉంటుంది అది. నేను సైన్సు చెప్పినదానిని కనుక, ముందుగా ఆ గుండె ఎందుకు అలా కొట్టుకుంటున్నదో దానికి చెప్పాలనుకున్నాను. తెలియని దానిని చూసి కలిగే భయం తెలిసిన దానిని చూసి కలగదు.

మనం ఒక పామును చూశామనుకోండి. మెదడులో లోపలగా బాదంగింజంత భాగం ఒకటి ఉన్నది. కన్ను చూసినది పామో తాడో పూర్తిగా తేలకముందే అది హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాల మీద టోపీలలాగా కూర్చుని ఉండే రెండు గ్రంథులు వెంటనే ఒక రసాన్ని రక్తంలోకి వదులుతాయి. దాని పేరు ఎడ్రినలిన్. 1901లో తకమినే అనే జపాను శాస్త్రజ్ఞుడు దీనిని వేరుచేసి చూపాడు. అది రక్తంలో కలవగానే గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాళ్ళలోని, చేతులలోని కండరాలకు రక్తం ఎక్కువగా పోతుంది. ఊపిరి వేగం హెచ్చుతుంది. అంటే శరీరం పరుగెత్తటానికో, పోట్లాడటానికో సిద్ధమయిందన్నమాట. ఇది ఎంతో మంచి ఏర్పాటు. ఇది లేకపోతే మన పూర్వులు అడవిలో ఒక్కరోజు కూడా బతికి ఉండేవారు కారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మన శరీరానికి పాముకూ ప్రశ్నపత్రానికీ తేడా తెలియదు. రెండిటికీ ఒకే విధంగా సిద్ధమవుతుంది. ప్రశ్నపత్రాన్ని చూసి పరుగెత్తటానికి లేదు, దానితో కుస్తీ పట్టటానికీ లేదు. కదలకుండా కుర్చీలో కూర్చోవాలి. అందుచేత వచ్చిన బలమంతా దడగా, వణుకుగా, చెమటగా బయటపడుతుంది.

పరీక్షనాడు ఇడ్లీ గొంతు దిగదు ఎందుచేత? దీనికీ ఒక కథ ఉన్నది. అమెరికాలో కానన్ అనే శాస్త్రజ్ఞుడు 1890ల చివర, అప్పుడే కొత్తగా కనిపెట్టిన ఎక్స్ కిరణాలతో పిల్లుల కడుపులో ఆహారం ఎలా కదులుతుందో చూస్తున్నాడు. పిల్లి ప్రశాంతంగా ఉన్నంతసేపూ దాని కడుపు అలలు అలలుగా కదులుతున్నది. పిల్లి బెదిరిందంటే చాలు, ఆ కదలిక ఆగిపోతున్నది. ప్రమాదం వచ్చినప్పుడు అరిగించుకునే పని వాయిదా పడుతుందన్నమాట. "అయితే నాకు కడుపులో తిప్పేది రోగం కాదా?" అని మా మనవరాలు అడిగింది. కాదని చెప్పేసరికి దాని మొహం కొంచెం తేటపడింది.

ఇక ఈ దడను తగ్గించే మార్గం చూడాలి. చెయ్యి ఎత్తమంటే ఎత్తుతాము, కన్ను మూయమంటే మూస్తాము. గుండెను మెల్లగా కొట్టుకోమంటే వింటుందా? వినదు. గుండెను ఆపగలమని చెప్పిన మన దేశపు యోగులను వెంగర్, బాగ్చి, ఆనంద్ అనే శాస్త్రజ్ఞులు యంత్రాలతో పరీక్షించి, 1961లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఊపిరి బిగబట్టి, కండరాలు బిగించినప్పుడు మణికట్టు దగ్గర నాడి అందకుండా పోయిన మాట నిజమే. కాని గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉన్నట్టు యంత్రంలో కనబడింది. అంటే గుండె మీద మనకు సూటిగా అధికారం లేదు. అయితే దానికి పక్కదారి ఒకటి ఉన్నది. ఆ దారే ఊపిరి.

ఊపిరి తమాషా అయినది. పట్టించుకోకపోతే దానంతట అది నడుస్తుంది. పట్టించుకుంటే మన మాట వింటుంది. శరీరంలో ఇలా రెండు విధాలా నడిచేవి చాలా కొద్ది. పైగా ఊపిరికీ గుండెకూ లోపల సంబంధం ఉన్నది. కావాలంటే ఇప్పుడే పరీక్షించి చూడండి. బొటనవేలి వైపున మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి నాడి పట్టుకోండి. మెల్లగా ఊపిరి పీల్చండి, నాడి కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. మెల్లగా వదలండి, కొంచెం నెమ్మదిస్తుంది. పెద్దవాళ్ళకన్నా మీ వయసువాళ్ళకు ఈ తేడా బాగా తెలుస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు మెదడునుంచి గుండెకు వచ్చే ఒక పొడవాటి నాడి గట్టిగా పనిచేస్తుంది. దాని పేరు వేగస్. బండికి బ్రేకు ఎటువంటిదో గుండెకు వేగస్ నాడి అటువంటిది.

ఈ బ్రేకు ఎలా పనిచేస్తుందో తేల్చిన కథ ఇంకా చిత్రమైనది. ఆస్ట్రియా దేశంలో గ్రాజ్ నగరంలో ఓటో లోవీ అనే ఆయన ఉండేవాడు. ఒక రాత్రి ఆయనకు కలలో ఒక ప్రయోగం తోచింది. నిద్రమత్తులో లేచి కాగితం మీద గీకి, మళ్ళీ పడుకున్నాడు. తెల్లవారి చూసుకుంటే తన రాత తనకే అర్థం కాలేదు! మరునాటి రాత్రి అదే కల మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన కాగితం జోలికి పోక, సరాసరి ప్రయోగశాలకు పోయాడు. కొట్టుకుంటున్న రెండు కప్ప గుండెలను రెండు పాత్రలలో ఉప్పునీటిలో ఉంచాడు. మొదటి గుండెకు ఉన్న వేగస్ నాడిని విద్యుత్తుతో కదిలించాడు. గుండె నెమ్మదించింది. ఆ గుండె ఉన్న నీటిని తీసి రెండవ గుండెకు ఇచ్చాడు. ఏ నాడీ ముట్టుకోకపోయినా రెండవ గుండె కూడా నెమ్మదించింది! అంటే నాడి కొసనుంచి శాంతపరిచే రసం ఒకటి నీటిలోకి దిగిందన్నమాట. ఆ రసమే ఎసిటైల్‌కోలిన్. 1921లో ప్రకటించిన ఈ ప్రయోగం కారణంగా లోవీకి 1936లో, హెన్రీ డేల్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడితో కలిపి, నోబెల్ బహుమానం వచ్చింది.

ఈ కథ మా మనవరాలికి చాలా నచ్చింది. "అయితే దడ పుట్టించేదీ నాలోనే ఉన్నది, ఆపేదీ నాలోనే ఉన్నది," అన్నది. నేను చెప్పదలచుకున్నది అదే చెప్పింది.

శాస్త్రజ్ఞులు ఇదంతా తేల్చటానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే, ఊపిరిని గమనిస్తూ మనస్సును నిలిపే విద్య మన దేశంలో ఉన్నది. బౌద్ధులు దానిని ఆనాపానసతి అన్నారు. వచ్చే ఊపిరినీ, పోయే ఊపిరినీ ఎరుకతో చూడటమని దాని అర్థం. మాకు ఎంతో దూరం లేని ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పెద్ద బౌద్ధస్తూపం ఉన్నది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండా, అమరావతీ ఉండనే ఉన్నాయి. అక్కడి విహారాలలో ఉండిన భిక్షువులకు ఇది తెలిసిన విద్యే.

ఇది ఒక్క మతానికి చెందినదని అనుకోకండి. మా వీధిలో జపమాల తిప్పే అవ్వ ఉన్నది, తస్బీ తిప్పే తాత ఉన్నాడు, చర్చికి పోయి జపం చేసే అక్క ఉన్నది. 2001లో బెర్నార్డి అనే ఇటలీ వైద్యుడు 23 మందిచేత కాసేపు క్రైస్తవ జపమూ, కాసేపు బౌద్ధ మంత్రమూ చెప్పించి, వారి ఊపిరినీ గుండెనూ యంత్రాలతో చూశాడు. మామూలుగా మనిషి నిమిషానికి పన్నెండు మొదలు పద్ధెనిమిది సార్లు ఊపిరి పీలుస్తాడు. ఈ జపాలు రెండింటిలోనూ అది సుమారు ఆరుకు దిగింది! రెండు వేర్వేరు దేశాలలో, వేర్వేరు భాషలలో పుట్టిన జపాలు ఒకే లెక్కకు వచ్చాయి. నిమిషానికి ఆరు అంటే ఒక్కొక్క ఊపిరికి పది సెకండ్లు. ఈ పది సెకండ్ల సంగతి గుర్తు పెట్టుకోండి.

తెలుసుకున్నంత మాత్రాన సరిపోదు, అలవాటు కావాలి. మా మనవరాలిని కళ్ళు మూసుకుని కూర్చోమంటే అరనిమిషం కూర్చోలేకపోయింది. "కళ్ళు మూస్తే గాబరా ఎక్కువైతాంది అమ్మమ్మా," అన్నది. చాలామంది పిల్లలకు అలాగే ఉంటుంది. అటువంటివాళ్ళు కళ్ళు తెరిచే చేయవచ్చు. మాకు రోజూ కనబడే దానితోనే మొదలుపెట్టాము.

మా ఊరి మీదుగా రాత్రీ పగలూ గూడ్సు బండ్లు పోతూనే ఉంటాయి. సింగరేణి బొగ్గు పోతుంది, సిమెంటు పోతుంది, ధాన్యం పోతుంది. బొగ్గు బండికి సాధారణంగా 58 పెట్టెలు ఉంటాయి. పెట్టెలను లెక్కపెట్టని పిల్లలు రైలు ఊళ్ళో ఉండరు. సాయంకాలం మేమిద్దరం పట్టాలకు దూరంగా, కంచెకు ఇవతల రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టాము. ఒక పెట్టె వస్తుంది, పోతుంది. తరువాత మరొకటి. దానిని ఆపాలని మనం అనుకోము. తోయాలనీ అనుకోము. ఎక్కి కూర్చోవాలని అసలే అనుకోము. చూస్తాము, లెక్కపెడతాము, అంతే. "ఇప్పుడు నీ తలలో వచ్చే ఆలోచనలను కూడా ఇట్లాగే చూడు బిడ్డా," అన్నాను.

అది అప్పటినుంచి ఇంట్లో కూర్చుని, బండి లేకుండానే లెక్కపెట్టటం నేర్చుకున్నది. మీరూ చేయవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా కింది మాటలను తొందర లేకుండా, నడుమ నడుమ ఆగుతూ చదవాలి. మీరు వింటూ చేయాలి.

"సుఖంగా కూర్చో. నేల మీదనైనా సరే, కుర్చీలోనైనా సరే. వీపు నిటారుగా ఉండనియ్యి, బిగించకు. చేతులు ఒడిలో పెట్టుకో. కళ్ళు మూసుకోవాలనిపిస్తే మూసుకో, లేకపోతే ఎదురుగా ఒకచోట చూస్తూ ఉండు.

"నీ బరువు ఎక్కడ ఆనుతున్నదో చూడు. పాదాలు నేలను తాకుతున్నవి. నేల నిన్ను మోస్తున్నది. భుజాలు చెవుల దగ్గరికి లేచి ఉంటే కిందికి దించు. పళ్ళు బిగించి ఉంటే వదులు చెయ్యి. నుదురు ముడిపడి ఉంటే విప్పు.

"ఇప్పుడు చెవులు పెట్టి విను. దగ్గర ఏమి చప్పుడు ఉన్నది? ఫ్యాను తిరుగుతున్నది. వంటింట్లో గిన్నె చప్పుడవుతున్నది. ఇంకా దూరాన ఏమి ఉన్నది? కుక్క మొరిగింది. ఎక్కడో రైలు కూత వేసింది. మంచి చప్పుడు, చెడ్డ చప్పుడు అని అనుకోకు. ఊరికే విను.

"ఇప్పుడు ఊపిరి దగ్గరికి రా. ముక్కు దగ్గర గాలి చల్లగా లోపలికి పోతున్నది, వెచ్చగా బయటికి వస్తున్నది. దూరాన గూడ్సు బండి వస్తున్నదనుకో. నువ్వు కంచెకు ఇవతల నిలబడి ఉన్నావు. నీకు ఏ భయమూ లేదు. మొదటి పెట్టె వస్తున్నది, ఊపిరి తీసుకో: ఒకటి, రెండు, మూడు, నాలుగు. పెట్టె పోతున్నది, ఊపిరి వదులు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. అది మొదటి పెట్టె. రెండవ పెట్టె వస్తున్నది. తీసుకో. పోతున్నది. వదులు.

"ఒక పెట్టె మీద ఏదో రాసి ఉన్నది. 'లెక్కల పరీక్ష' అని రాసి ఉన్నది. చదువు. ఎక్కకు. పోనియ్యి. ఇంకొక పెట్టె మీద 'నాయిన ఏమంటాడో' అని ఉన్నది. చదువు. పోనియ్యి. లెక్క తప్పిపోయిందా? ఏమీ ఫరవాలేదు. ఏదో ఒక పెట్టె ఎక్కి కొంతదూరం పోయావన్నమాట. దిగిరా. మళ్ళీ ఒకటినుంచి మొదలుపెట్టు. దిగి రావటమే ఇందులో నేర్చుకునే విద్య.

"చివరి పెట్టె వస్తున్నది. దాని వెనక ఎర్రదీపం కనబడుతున్నది. దీపం చిన్నదయింది. చుక్క అయింది. పట్టాలు ఖాళీగా ఉన్నవి. ఆ నిశ్శబ్దంలో ఒక్క క్షణం ఉండు. ఇప్పుడు వేళ్ళు కదిలించు. కళ్ళు మూసి ఉంటే తెరువు. లేచి గ్లాసెడు మంచినీళ్ళు తాగు."

పీల్చటం నాలుగు, వదలటం ఆరు. కలిపితే పది సెకండ్లు. జపం చేసేవారి లెక్క ఇదే కదా! పన్నెండు పెట్టెలకు రెండు నిమిషాలవుతుంది. ముప్పై పెట్టెలకు అయిదు నిమిషాలు. బండి మొత్తం 58 పెట్టెలూ దాటేసరికి పది నిమిషాలు కావస్తుంది. మొదటి వారం పన్నెండు పెట్టెలు చాలు.

ఒక జాగ్రత్త చెబుతాను. గాబరా పుట్టగానే కొందరు పెద్ద పెద్ద ఊపిరులు గబగబా పీలుస్తారు. అది మంచిది కాదు. అలా చేస్తే రక్తంలో ఉండవలసిన బొగ్గుపులుసు గాలి తగ్గిపోయి, తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, గాబరా ఇంకా ఎక్కువవుతుంది. ఊపిరి చిన్నదిగానే, మెల్లగానే ఉండాలి. బిగబట్టవద్దు. నాలుగు, ఆరు కష్టంగా ఉంటే మూడు, నాలుగుతో మొదలుపెట్టండి. వదలటం పీల్చటంకన్నా పొడుగ్గా ఉంటే చాలు. నీటిలో దిగినప్పుడు గాని, సైకిలు తొక్కేటప్పుడు గాని ఈ సాధన చేయకండి.

మా మనవరాలు రోజూ సాయంకాలం దీపం పెట్టే వేళకు ఇది చేసేది. మొదటి వారంలో ఫలితమేమీ కనబడలేదు. "ఏం లాభం లేదు అమ్మమ్మా," అని రెండుసార్లు మానేసింది, మళ్ళీ తానే మొదలుపెట్టింది. మూడవ వారంలో తెల్లవారుజామున మూడింటికి లేవటం తగ్గింది. రాత్రిపూట బువ్వ మామూలుగా తిన్నది.

ఆ చదువుల ఏడు మా ఊరికి ఇంకొక సంగతి జరిగింది. 2024 సెప్టెంబరు 1వ తేదీన కుండపోత వానకు కేసముద్రానికీ ఇంటికన్నెకూ మధ్య వరద పొంగి, పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ దారిన పోయే రైళ్ళన్నీ నిలిచిపోయాయి. రైల్వే కార్మికులు రాత్రింబవళ్ళు పనిచేసి, కొన్ని రోజులలోనే మళ్ళీ రైళ్ళు నడిచేటట్టు చేశారు. అటువంటిచోట మొదట బండ్లను చాలా నెమ్మదిగా నడుపుతారు. కట్ట గట్టిపడినకొద్దీ వేగం పెంచుతారు. పరీక్షలు దగ్గరపడిన రోజులలో మా మనవరాలు ఇది గుర్తుచేసుకుని, "నేను కూడా ఇప్పుడు మెల్లగా పోయే బండినే," అన్నది. నాకు ఆ మాట బాగున్నది. అంతకుముందు రోజుకు పది పాఠాలు తిరగేయాలని కూర్చునేది. ఆ తరువాత మూడు పాఠాలు నిదానంగా చదవసాగింది.

2025 మార్చిలో పరీక్షలు మొదలయ్యాయి. లెక్కల పరీక్షనాడు ప్రశ్నపత్రం చూడగానే మళ్ళీ పాత దడ వచ్చిందట. అది రాకుండా పోతుందని నేను ఎన్నడూ చెప్పలేదు, అదీ అనుకోలేదు. పెన్ను బల్ల మీద పెట్టి, పాదాలు నేలకు ఆనించి, పన్నెండు పెట్టెలు లెక్కపెట్టిందట. మూడు గంటల పరీక్షలో రెండు నిమిషాలు పోయాయి. తరువాత తనకు వచ్చిన లెక్కతో మొదలుపెట్టి, చివరి గంట కొట్టేదాకా రాసింది. లెక్కలలో అనుకున్నన్ని మార్కులు రాలేదు, మిగిలినవాటిలో బాగానే వచ్చాయి. కాని "పరీక్షకు పోను" అన్న పిల్ల అన్ని పరీక్షలకూ పోయి, పూర్తిగా రాసి వచ్చింది. నాకు కావలసినది అదే.

ఒక పరీక్షతో ఎవరి కథా ముగిసిపోదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషను పరీక్ష మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. ఆయనే తరువాత అమెరికా పోయి, కండరాలకు బలం ఎక్కడినుంచి వస్తుందో కనిపెట్టినవారిలో ఒకడయి, ప్రపంచానికి ఎన్నో మందులను ఇచ్చిన పరిశోధనలను నడిపాడు.

ఇక్కడ పెద్దలకు కూడా రెండు మాటలు చెప్పాలి. ఈ సాధన మంచిదన్నారు కదా అని పిల్లలను కూర్చోబెట్టి బలవంతాన చేయించకండి. బ్రిటన్‌లో 80కి పైగా బడులలో, 8 వేలకు పైగా పిల్లలతో ఇటువంటి ధ్యానపాఠాలను పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. 2022లో ఫలితాలు వచ్చాయి. క్లాసులో అందరికీ కలిపి పాఠంలాగా చెప్పినందువల్ల, మామూలు బడికన్నా ఎక్కువ మేలు కనబడలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. ఇష్టపడి, తనంతట తాను చేసుకునేవారికి పనికివచ్చే విద్య ఇది. అన్నిటికీ మందు కాదు. నిద్ర, ఆట, వేళకు తిండి, మనసు విప్పి మాట్లాడుకునే మనిషి, ఇవి ముందు ఉండాలి.

పిల్లవాడు భయమన్నప్పుడు "ఇంత దానికేనా?" అనకండి. పక్కింటి పిల్ల మార్కులు చెప్పకండి. పక్కన కూర్చుని, "ఎక్కడ దడగా ఉన్నది? ఎప్పటినుంచి?" అని అడగండి. వీలయితే మీరూ వాళ్ళతోపాటు పెట్టెలు లెక్కపెట్టండి. మిర్చి ధర గురించి మీకున్న గాబరా కూడా కొంత తగ్గవచ్చు.

బాలలూ, ఇంకొక సంగతి బాగా గుర్తుంచుకోండి. జ్వరం రెండు రోజులు ఉంటే ఇంటి వైద్యం చేస్తాము. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోతాము. గాబరా కూడా అంతే. రెండు వారాలైనా దిగులు వదలకపోతే, నిద్రా తిండీ పోతే, బడికి పోలేకపోతే, బతకటమే వద్దనిపిస్తే, దాచుకోకుండా వెంటనే అమ్మకో, నాయినకో, పంతులుగారికో చెప్పండి. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వం టెలీ మానస్ అనే సహాయం ప్రారంభించింది. 14416 అనే నంబరుకు ఫోను చేస్తే రాత్రయినా పగలయినా శిక్షణ పొందినవారు మాట్లాడతారు. మన తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు ఇవ్వనక్కరలేదు. సాయమడగటం పిరికితనం కాదు.

ఈ సాధనను గాబరా వచ్చిన రోజున మొదలుపెడదామని ఆగకండి. ఈత నేర్చుకునేవాడు వరదలో దిగి నేర్చుకోడు, వేసవిలో మోకాలి లోతు నీటిలో నేర్చుకుంటాడు. అలాగే మీరు మామూలు రోజులలో, మనస్సు కుదురుగా ఉన్నప్పుడే రోజూ పన్నెండు పెట్టెలు లెక్కపెట్టి చూడండి. రైలు లేని ఊళ్ళో ఉన్నవారు చెరువు అలలను లెక్కపెట్టవచ్చు, మోట బావి దగ్గర మోటారు పోసే నీళ్ళ చప్పుడు వినవచ్చు, ఆకాశంలో ఇంటికి తిరిగిపోయే కొంగలను లెక్కపెట్టవచ్చు. లెక్క ఏదయినా సరే, పీల్చటం నాలుగు, వదలటం ఆరు.